ముందు నీళ్ళు చూపించు

వానమబ్బులు చుట్టపుచూపుగా వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోయే మెట్టసీమలో పొన్నగల్లు అనే రాజ్యం ఒకటుండేది. దాన్ని గజాంకుశ మహారాజు పాలించేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఆకలన్నవాణ్ణి కసిరే రకం కాదు, ఎవరి కంట తడి చూసినా తట్టుకోలేడు. కాకపోతే ఆయనకు బిరుదుల పిచ్చి. ఆయన సభలో అడుగుపెట్టే ముందు వందిమాగధులు బిరుదులు చదవడం మొదలుపెడితే, చివరి బిరుదు వినబడేసరికి ముందు వరసలోని ముసలి పండితులు ఒక కునుకు తీసి లేచేవారు.

ఆ సభలోనే పినలింగయ్య అనే ఆయన ఉండేవాడు. పేరుకు పురాణం చెప్పే కొలువు. అసలు పని రాజుగారికి విసుగు పుట్టినప్పుడు నవ్వించడం. పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. మాట ఎంత చురుకో, విస్తరి ముందు చెయ్యి అంతకంటే చురుకు. ఒక్క పూట భోజనం తప్పితే లోకం తలకిందులైనట్టు బెంగపడేవాడు.

ఆ రోజుల్లో వరసగా వానలు మొహం చాటేశాయి. చెరువులు నెర్రెలు విచ్చాయి. ఆకాశాన్ని నమ్ముకున్న చేలు చల్లిన విత్తనం కూడా తిరిగివ్వలేదు. జనం సామాను నెత్తిన పెట్టుకుని, పశువుల్ని తోలుకుని, ఒక్కొక్క కుటుంబమే పొరుగుసీమకు తరలిపోసాగారు. ఈ సంగతి విని గజాంకుశుడు నిజంగానే బాధపడ్డాడు. మంత్రులతో ఆలోచించి, తన చేలో బావి తవ్వుకునే ప్రతి రైతుకూ అయ్యే ఖర్చులో సగం ఖజానా భరిస్తుందని ఊరూరా టముకు వేయించాడు.

జనం పొంగిపోయారు. రాజు అంతకంటే పొంగిపోయాడు.

"ఇంత మేలు తలపెట్టిన రాజు ఇంకెక్కడైనా ఉన్నాడా? దీనికి తగ్గ బిరుదు చూడండి" అన్నాడు.

పండితులు తలలు బద్దలు కొట్టుకుని 'అపర భగీరథ' అని తేల్చారు. బిరుదు ప్రదానానికి ముహూర్తం కూడా పెట్టేశారు.

సరిగ్గా అప్పుడే కోనప్ప కలగజేసుకున్నాడు. కోనప్ప భాండాగారాధిపతి. ఖజానా తాళంచెవులు మొలకు కట్టుకుని నిద్రపోయే మనిషి.

"ప్రభూ, రైతు గొయ్యి తవ్వి బావి అంటాడు. తీరా నీళ్ళు పడకపోతే? రాజధనాన్ని గోతిలో పోసినట్టే కదా! అందుకని నీళ్ళు పడ్డ బావికే సాయం అందాం. ముందు నీళ్ళు చూపించి, తర్వాత సొమ్ము పట్టుకెళ్ళమందాం."

రాజుకు ఈ మాట మహా తెలివిగా తోచింది. "భేష్! అలాగే కానీ" అన్నాడు.

ఒక ఉదయం పినలింగయ్య కోటలోకి వస్తూ, ఖజానా వాకిట్లో గొడవ విని ఆగాడు. అక్కడ ఓబుళమ్మ అనే రైతు నిలబడి ఉంది. రేగులపాడు నుంచి నడిచి వచ్చిందట. కాళ్ళ నిండా దుమ్ము, అరిచేతుల నిండా గునపం కాయలు. మెట్ల మీద కోనప్ప నిలబడి ఉన్నాడు.

"బండ తగిలింది సామీ. సందుల్లోంచి చెమ్మ వస్తోంది, కింద ఊట ఉంది. ఆ బండ పగలాలంటే రాతిపనివాళ్ళు కావాలి, పెద్ద సమ్మెటలు కావాలి. మా దగ్గరున్నదంతా పైమట్టి తియ్యడానికే అయిపోయింది. ఎడ్లు కూడా అమ్ముకున్నాం. ఆ సాయమేదో ఇప్పుడిస్తే నీళ్ళు చూపిస్తా."

"నీళ్ళు చూపిస్తే సాయం ఇస్తాం" అన్నాడు కోనప్ప.

"నీళ్ళే ఉంటే మీ గడప ఎందుకు తొక్కుతాను?"

"ఆజ్ఞ అలా ఉందమ్మా. నేను రాసింది కాదు" అని కోనప్ప లోపలికి వెళ్ళిపోయాడు. నిజానికి రాయించింది ఆయనే.

ఓబుళమ్మ మెట్ల పక్కన చతికిలబడింది. పినలింగయ్య దగ్గరికి వెళ్ళి, "ఇప్పుడేం చేస్తావమ్మా?" అని అడిగాడు.

"ఏం చేస్తానయ్యవారూ! మా వీధిలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి. మేమూ పోతాం. మంచం, కుండలు నెత్తిన పెట్టుకుని పోవచ్చు. సగం తవ్విన బావిని మోసుకుపోలేం కదా" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ మాట పినలింగయ్యకు ఎక్కడో గుచ్చుకుంది. "ముహూర్తం దాకా ఆగు తల్లీ" అన్నాడు.

"ఆగితే బండ పగులుతుందా?"

"ఏమో. నా చేతనైన ప్రయత్నం నేను చేస్తాను. ఆ రోజు రాజుగారికి పూలమాల వెయ్యడానికి ఒక రైతు కావాలని వెతుకుతున్నారు. నీ పేరు చెబుతాను, తప్పకుండా రా."

ఓబుళమ్మ సరేనంది కానీ, ఆమె మొహంలో నమ్మకం కనబడలేదు. పినలింగయ్యకు ఆ పూట ఫలహారం రుచించలేదు. ఆయనకు ఫలహారం రుచించలేదంటే సంగతి చిన్నది కాదన్నమాట.

సభ కొలువుదీరాక ఆయన మెల్లగా లేచాడు.

"ప్రభూ, తెలియక అడుగుతున్నాను. బావుల సాయం ఇప్పటికి ఎంతమందికి అందింది?"

కోనప్ప గర్వంగా ముందుకొచ్చాడు. "ఒక్కరికి కూడా అందలేదు ప్రభూ! ఖజానా నుంచి చిల్లిగవ్వ వృథా కాలేదు."

సభ కరతాళధ్వనులు చేసింది. రాజు మీసం దువ్వుకుంటూ పినలింగయ్య వైపు చూశాడు.

"ఏమయ్యా, మొహం అలా పెట్టావు? నా ఆజ్ఞలో తప్పుందంటావా?"

"అంటే వింటారా ప్రభూ?"

"వినను. నీ నోటితో ఏదైనా నిరూపించగలవని నాకు తెలుసు. నల్లకాకిని కొంగ అనిపిస్తావు. అందుకని ఈ ఆజ్ఞ తప్పని నువ్వు చెబితే చెల్లదు. నా నోటితో నేనే అనాలి. ముహూర్తం నాటి విందు ముగిసేలోగా నాచేత ఆ మాట అనిపించావా, అక్కడికక్కడే మార్చేస్తాను. అనిపించలేకపోయావా, గునపం భుజాన వేసుకుని పల్లెలకు పోయి నీళ్ళు పడేదాకా నువ్వే తవ్వు."

సభంతా గొల్లుమంది. పినలింగయ్య తన బొజ్జనూ గునపాన్నీ ఒకచోట ఊహించుకున్నాడు. కానీ మొహాన చిరునవ్వు తెచ్చుకుని చేతులు జోడించాడు.

"తప్పా! అంత మాట నేనెందుకంటాను ప్రభూ? నా బాధల్లా వేరు. ఫలితం చూశాకే ఖర్చు అన్నారు. ఎంత గొప్ప న్యాయం! దాన్ని తీసుకెళ్ళి పల్లెటూరి బావుల దగ్గర కట్టిపడేశారే అని బాధ. కోటలో ప్రతి పనికీ అదే న్యాయం ఉంటే ఎంత బాగుండేది! దానికి 'గజాంకుశ న్యాయం' అని పేరు పెడితే రేపు శాస్త్రగ్రంథాలన్నీ ప్రభువుల పేరే చెప్పుకుంటాయి."

'గజాంకుశ న్యాయం' అనే మాట చెవిన పడగానే రాజుగారి మీసం కొసలు రెండూ పైకి లేచాయి. కోనప్ప కళ్ళు మెరిశాయి. ఖజానాకు ఇంతకంటే గట్టి తాళం ఏముంటుంది!

"కోనప్పా, ఇవాళే ఆజ్ఞ రాయించు" అన్నాడు రాజు. "కోటలో ఎవరికి ఏం కావాలన్నా ముందు ఫలితం చూపించాలి, ఆ తర్వాతే సరుకు. ఏం పినలింగయ్యా, ఓడిపోయినట్టేనా?"

"ఇంటికి వెళ్ళేటప్పుడు మంచి గునపం ఒకటి చూసుకుంటాను ప్రభూ" అన్నాడు పినలింగయ్య వినయంగా.

ముహూర్తం ముంచుకొచ్చింది. అన్నాళ్ళూ వంటశాలలో ఉన్న పాత సరుకుతోనే పని గడిచింది. వంటశాల పెద్ద ఎల్లంభట్టు బియ్యం, పప్పు, నెయ్యి ఇమ్మని సరుకుల కోఠీకి వెళ్ళాడు. కోనప్ప కింద పనిచేసే గుమాస్తాలు ఆజ్ఞను అక్షరం పొల్లుపోకుండా పాటించే రకం.

"భోజనానికి ఫలితం ఏమిటి?" అని అడిగాడు పెద్ద గుమాస్తా.

"కడుపు నిండటం."

"నిండినట్టు గుర్తు?"

ఎల్లంభట్టు బుర్ర గోక్కున్నాడు. "త్రేన్పు వస్తుంది."

"అయితే రాజుగారి త్రేన్పు వినిపించి సరుకులు పట్టుకెళ్ళండి."

ఎల్లంభట్టు రొప్పుకుంటూ పినలింగయ్య దగ్గరికి పరిగెత్తాడు. "ఓరి నాయనో, దేశంలోని పెద్దలంతా వస్తున్నారు. విస్తళ్ళు తప్ప ఏమీ లేవు. నా తల ఎగిరిపోతుంది!"

"ఎగరదు. నువ్వు చేసింది ఆజ్ఞ పాటించడమేగా? రాజుగారు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. పొయ్యిలో కట్టెలు మాత్రం సర్ది ఉంచు" అని ధైర్యం చెప్పి పంపాడు పినలింగయ్య. చెప్పాక తన మెడ ఒకసారి తడుముకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. రాజు పొద్దున్నుంచీ ఉపవాసం ఉండి పూజ చేశాడు. ఆ తర్వాత పండితులు పద్యాలు మొదలుపెట్టారు. ఒకాయన రాజుగారి చూపులో గంగను చూశాడు, ఇంకొకాయన మీసంలో యమునను చూశాడు. బిరుదు చదివారు. ఓబుళమ్మ పూలమాల వేసి పక్కకు వెళ్ళి నిలబడింది. అప్పటికే పొద్దు నడినెత్తి దాటి వాలుతోంది. భోజనానికి లేవండనగానే రాజు బిరుదులన్నీ మరిచిపోయి గబగబా నడిచాడు.

పెద్దసాలలో అరిటాకులు పరిచి ఉన్నాయి. అందరూ కూర్చున్నారు. ఆకుల మీద నీళ్ళు చల్లుకున్నారు. మళ్ళీ చల్లుకున్నారు. ఎవరూ రాలేదు. వంటశాల వైపు నుంచి పోపు వాసన కూడా లేదు.

"ఎల్లంభట్టూ! వడ్డన ఏదయ్యా?" అని కేకేశాడు రాజు.

ఎల్లంభట్టు ఖాళీ గరిటెతో వచ్చి నిలబడ్డాడు. "పొయ్యి సిద్ధమే ప్రభూ. ఏలినవారు ఒక్క... ఒక్క త్రేన్పు వినిపిస్తే..."

"ఏమిటీ?"

"త్రేన్పు ప్రభూ. కడుపు నిండినట్టు గుర్తు. అది వినిపించాకే బియ్యం ఇస్తామన్నారు కోఠీలో."

రాజు మెల్లగా కోనప్ప వైపు తిరిగాడు. కోనప్పకు అసలు సంగతి అప్పుడే తెలిసింది.

"అది... గజాంకుశ న్యాయం ప్రకారం చూస్తే... సరిగ్గానే ఉంది ప్రభూ" అన్నాడు. అన్నాడో లేదో, ఆయన కడుపు కూడా గుర్రుమని మొత్తుకుంది.

రాజుకు ఆకలి నషాళానికి అంటింది. ఆకు ముందు నుంచి దిగ్గున లేచాడు.

"తినకుండా త్రేన్పు ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా! బుద్ధున్నవాడెవడైనా ముందు పెడతాడు, తర్వాత ఫలితం అడుగుతాడు. ఫలితం చూపిస్తేనే పెడతాననే న్యాయం ఏ మూర్ఖుడు పెట్టాడు?"

ఆ గర్జన గోడలకు తగిలి తిరిగొచ్చింది. అందరూ తలలు వంచుకుని ఆకుల వైపు చూశారు. పినలింగయ్య ఒక్కడే లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు."

తను ఏమన్నాడో అప్పటికి రాజు చెవులకు చేరింది. మొహం జేగురు రంగుకు తిరిగింది. ఆ క్షణాన పినలింగయ్యకు గునపమే నయమనిపించింది. అయినా గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువుల నోట వచ్చిన మాట మాత్రం అందరం విన్నాం. ముందు పెట్టాలి, తర్వాత ఫలితం అడగాలి. విస్తరి దగ్గర ఒక న్యాయం, పొలం దగ్గర ఒక న్యాయం ఏలినవారి రాజ్యంలో ఉండదు కదా."

రాజు ఆయన వైపు గుర్రుగా చూశాడు. తర్వాత "కోఠీ తెరిచి ముందు పొయ్యి వెలిగించండి!" అని వంటశాల వైపు అరిచి, మళ్ళీ కూర్చున్నాడు. "ఎసరు మరిగేలోపు నీ సంగతి తేలుస్తాను. అన్నం తింటే కడుపు నిండుతుందని పసివాడికీ తెలుసు. బావి తవ్వితే నీళ్ళు పడతాయని నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేను ప్రభూ. కొన్నింట్లో పడవు."

"మరి అప్పుడు నా సొమ్ము?"

"నిరుడు ప్రభువులు పులివేటకు వెళ్ళారు. పులి కనబడలేదు. డప్పులు కొట్టినవాళ్ళకు కూలి ఇచ్చారు, గుర్రాలకు దాణా పెట్టారు, మా అందరికీ అడవిలో విందు కూడా చేశారు. పులి లేదు కదా అని ఎవరి దగ్గరా తిరిగి వసూలు చెయ్యలేదు. వేట మానలేదు కూడా. పోయిన నెల మళ్ళీ వెళ్ళారు."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. రాజు కూడా మీసం చాటున పెదవి బిగించుకోవలసి వచ్చింది. అయినా పట్టు వదల్లేదు. దూరంగా స్తంభం పక్కన నిలబడ్డ ఓబుళమ్మను పిలిచాడు.

"నువ్వు చెప్పమ్మా. నీళ్ళు పడకపోతే నా ధనం మునిగినట్టేనా, కాదా?"

ఓబుళమ్మ ముందుకొచ్చింది.

"మునిగినట్టే దొరా. కానీ సగమే మీది. తక్కిన సగం మాది. దానికి మా ఎడ్లు పోయాయి, ఈ చేతులు పోయాయి. నీళ్ళు పడకపోతే మీరు మళ్ళీ రేపు సభ చేసుకుంటారు. మేము ఊరొదిలిపోవాలి. మీకంటే మాకే భయం ఎక్కువ దొరా. నీళ్ళు పడవనుకున్నచోట మేమెందుకు తవ్వుతాం?"

రాజు ఆమె చేతుల వైపు చూశాడు. "మీ ఊళ్ళో ఇంకా ఎన్ని బావులు ఇలా ఆగిపోయాయి?" అని అడిగాడు.

"తవ్వినవాళ్ళందరివీ ఆగిపోయాయి దొరా. బండ దాకా ఎవరి బలంతో వాళ్ళు వెళ్ళాం. బండ దగ్గర అందరి బలమూ అయిపోయింది."

వంటశాలలోంచి కట్టెలు చిటపటమంటున్న చప్పుడు వినబడింది. రాజు మెడలోని మాల తీసి పక్కన పెట్టాడు.

"కోనప్పా, పాత ఆజ్ఞ కొట్టెయ్యి. గొయ్యి మొదలుపెట్టగానే ఖజానా వాటా కొంత ఇవ్వు. బండ తగిలితే మన రాతిపనివాళ్ళను మన సమ్మెటలతోనే పంపు, గట్టు కట్టేటప్పుడు మిగతాది ఇవ్వు. నీళ్ళు పడకపోతే తిరిగి అడగొద్దు. ముందు రేగులపాడుకు పంపు."

"రేపే పంపిస్తాను ప్రభూ" అన్నాడు కోనప్ప. బావుల మీద ప్రేమ కంటే అన్నం మీద ఆశే ఆయనచేత ఆ మాట అంత త్వరగా అనిపించిందని గిట్టనివాళ్ళు చెప్పుకున్నారు.

రాజు గంభీరంగా ఉండాలని చూశాడు. కానీ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. "త్రేన్పట! నిండు సభలో నన్ను త్రేన్పు అడిగిస్తావా!" అని పకపకా నవ్వాడు. ఆయన నవ్వగానే ఇంతసేపూ బిగబట్టుకున్న సాలంతా ఒక్కసారి నవ్వింది. ఎల్లంభట్టు అయితే నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

అన్నం ఉడికింది. వడ్డన మొదలైంది. వేడివేడి అన్నం, పప్పు, మీద నెయ్యి. గరిటె పినలింగయ్య ఆకు దగ్గరికి వచ్చేసరికి రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఈయన త్రేన్పు మనం ఇంకా వినలేదు."

పినలింగయ్య ప్రాణం గిలగిల్లాడింది. "ప్రభూ, కొట్టేసిన ఆజ్ఞ మళ్ళీ బతికిందా!" అన్నాడు ఏడుపు గొంతుతో. రాజు పడీపడీ నవ్వి, గరిటె తనే అందుకుని పినలింగయ్య ఆకులో స్వయంగా వడ్డించాడు. ఆ రాజ్యంలో అంతకుముందు ఏ కవికీ, ఏ సేనానికీ అంతటి మర్యాద జరగలేదు.

రాతిపనివాళ్ళు రేగులపాడు వెళ్ళారు. ఓబుళమ్మ బావిలో బండ మొండికేసింది. రోజూ సమ్మెటలు మోగాయి, ఊరంతా గట్టున నిలబడి చూసింది. చివరికి ఒక మధ్యాహ్నం రాయి నిలువునా చీలి, సందులోంచి బురదనీళ్ళు ఉబికి వచ్చాయి. లోపల ఉన్నవాళ్ళు కేకలు పెడుతూ తాళ్ళు పట్టుకుని పైకి పాకారు. పొరుగుసీమకు పోదామని మూటలు కట్టుకున్నవాళ్ళు మూటలు విప్పారు.

నీళ్ళు తేరుకున్నాక చూడటానికి రాజు పినలింగయ్యను వెంటపెట్టుకుని వెళ్ళాడు. ఓబుళమ్మ ముంతతో అందించిన నీళ్ళు తాగి, చేలో అప్పుడే తల ఎత్తుతున్న జొన్న మొలకల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పినలింగయ్య వైపు తిరిగి, పక్కనే గట్టుకు అవతలున్న విశాలమైన భూమిని చూపించాడు.

"నీకు బహుమానం ఇవ్వాలి కదా. అదిగో, ఆ చేను ఇవాళ్టి నుంచి నీది. వంశపారంపర్యంగా అనుభవించు."

పినలింగయ్య ఆనందంతో గట్టెక్కి చూశాడు. చేనంతా గులకరాళ్ళు. గడ్డిపరక లేదు. చుక్క నీళ్ళు లేవు.

"ప్రభూ... దీనికి బావి లేదే?"

"లేదు. ఖజానా వాటా ఇప్పుడే ఇప్పిస్తాను. తక్కిన సగం నీది."

ఓబుళమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "భయపడకండి అయ్యవారూ, మావాళ్ళంతా సాయం వస్తారు. రేపు పొద్దున చల్లపూటే మొదలుపెడదాం. మీరు గునపం తెచ్చుకోండి, చాలు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. పినలింగయ్య ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి తన మెత్తటి అరిచేతుల వైపు చూసుకుని, పంచె ఎగ్గట్టి, ఎక్కడ తవ్వితే బాగుంటుందో ఓబుళమ్మను అడుగుతూ గులకరాళ్ళలోకి దిగాడు.